అవ్వ చెయ్యెత్తి చూసిన బడులు

మొన్న ఎండాకాలంలో మా అమ్మాయి సుజాత వేలూరు నుంచి ఫోన్ చేసి, నిత్యకు ఇస్కూలు చూడాలి, రెండు దినాలు వచ్చి పోగూడదా అంది. నిత్య దాని కూతురు. నాలుగు నిండి ఐదు నడుస్తోంది. బడి చూడడానికి తల్లీ తండ్రీ చాలరా, మధ్యలో ఈ ముసలిదెందుకు అని బిగుసుకున్నాను గానీ, ఫోన్ పెట్టేసిన మరు నిమిషంలో సంచిలో చీరలు సర్దుతున్నాను. గుడియాత్తంలో బస్సెక్కితే వేలూరు ఎంతసేపు. అయినా దారి పొడుగునా ఏదో పరీక్ష రాయడానికి పోతున్నట్టు గుండె కొట్టుకుంటూనే ఉంది. పాలారు వంతెన మీద నుంచి ఎండిన ఇసుక చూస్తూ, ఈ భయం నాది కాదు, అరవై ఏళ్ళ కిందట మా అవ్వ పడింది, నాకు అప్పగించి పోయింది అనుకున్నాను.

సుజాత ఫోన్లో ఏడు బడుల జాబితా ఉంది. ఒక్కో బడికి ముక్కూ మొహం తెలియనివాళ్ళు నక్షత్రాలు ఇచ్చారు. పెండ్లికి జాతకాలు చూసినట్టు అదీ అల్లుడూ వారం రోజులుగా ఆ నక్షత్రాలు చూస్తున్నారు. ఏడింటిలో నాలుగు ముందే కొట్టేసి, మూడు మిగిల్చి నాకోసం ఆగారు. అల్లుడికి ఆసుపత్రి ల్యాబులో సెలవు దొరకలేదు కాబట్టి మేం ముగ్గురు ఆడవాళ్ళం ఆటోలో బయల్దేరాం. మొదటి బడిలో అద్దాల తలుపులు, చేపల తొట్టి, చల్లని గది. ఒక చిన్న వయసు అమ్మాయి సుజాతను కూర్చోబెట్టి, పాప రోజుకు ఎంతసేపు ఫోన్ చూస్తుంది, కోపం వస్తే ఏం చేస్తుంది అని వరసగా అడుగుతోంది. సుజాత ఉద్యోగానికి వచ్చినదానిలా చేతులు ఒళ్ళో పెట్టుకొని జవాబులు చెబుతోంది. నేను మెల్లగా వరండాలోకి జారుకున్నాను. పిల్లలు నీళ్ళసీసాలు పట్టుకొని వరసలో వస్తున్నారు. కొప్పు సవరించుకునేదానిలా కుడిచెయ్యి గబుక్కున పైకెత్తాను.

ముందున్న పిల్లవాడు ఒక్క గెంతు గెంతి నా అరచేతిని ఫట్టుమని కొట్టాడు. వాడి వెనక ఉన్నవాళ్ళు కూడా ఒక్కొక్కరే వచ్చి కొట్టి పోయారు. అరచెయ్యి ఎర్రబడింది. సుజాత బయటికి వచ్చి, ఆడ ఏమి చేస్తా ఉండావమ్మా అని అడిగింది. కొప్పు జారిందే అన్నాను. రెండో బడిలోనూ అదే జరిగింది. అక్కడొక పిల్ల రెండో చెయ్యి కూడా ఎత్తమంది. తిరిగి ఆటో ఎక్కాక, నీ కొప్పు కత ఏమో చెప్పు అని సుజాత పట్టుబట్టింది. సగం చెప్పాను. చెప్పడానికి నోరు రాని మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

మా అవ్వ పేరు మునెమ్మ. నాయనను కన్నతల్లి. చిత్తూరు పోయే దారిలో పరదరామి దగ్గరి పల్లె ఆమెది. వాళ్ళ తండ్రికి ఆవుల ఎంపికలో పెద్ద పేరు. చుట్టుపక్కల ఎవరు పాడి ఆవును కొనాలన్నా ఆయన్ని వెంటబెట్టుకొని పోవలసిందే. ఆయన సంతలో ఆవును కొననిచ్చేవాడు కాదు. సంతలో దళారులు తువ్వాలు కింద వేళ్ళు పట్టుకొని బేరాలాడతారు, ఆవుకు కొమ్ములు నూరి రంగు పూసి నిలబెడతారు, అక్కడ ఆవు తప్ప అన్నీ కనిపిస్తాయి అనేవాడట. అమ్మేవాడి ఇంటికి చెప్పకుండా పాలు పిండే వేళకు పోవాలి. కొట్టంలో ఆవు పక్కన నిలబడి, ఊరికే చెయ్యి పైకెత్తాలి. ఆవు ఉలిక్కిపడి పక్కకు తొలిగిందంటే ఆ ఇంట్లో దాన్ని కొడుతున్నారని అర్థం, పాలు ఎన్నిచ్చినా కొనకూడదు. కదలకుండా నెమరు వేస్తూ ఉంటే మంచిది. కొడుకులు లేని ఆ మనిషి ఈ విద్యను కూతురికి నేర్పాడు. అవ్వ దానికి ఇంకొక మాట చేర్చేది. ఎక్కడో ఒక ఆవు ఉంటుందట, చెయ్యెత్తితే కదలకుండా ఉండడమే కాదు, గంగడోలు గోకమని మెడ తెచ్చి మన చేతి కింద పెడుతుందట. అట్లాంటివి నా జన్మలో రెండే చూసినాను అనేది. ఆ రెండింటి పేర్లూ, వాటి దూడల పేర్లూ కూడా చెప్పేది. ఆ మాట చెప్పేటప్పుడు దేవుణ్ణి చూసొచ్చినదానిలా ఉండేది ఆమె మొహం.

వానలు లేక సేద్యం పోయి, నాయన గుడియాత్తంలో అగ్గిపెట్టెల కంపెనీలో పనికి చేరాడు. ఒక గదీ, ముందు తిన్నె, వెనక తడికెల వంటిల్లు, అదీ మా ఇల్లు. అమ్మ ఇంట్లోనే కూర్చొని కంపెనీకి డబ్బీలు అంటించేది. పలచని చెక్క పొరను మడిచి, నీలం కాగితం చుట్టి, మైదా గంజితో అంటిస్తే ఒక డబ్బీ. గంజికి పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపేవాళ్ళు. అది విషం, వేళ్ళు నోట్లో పెట్టుకోవద్దు అని చెప్పడంతో మాకు తెల్లవారేది. ఇల్లంతా ఆ పులిసిన గంజి వాసన, పచ్చి చెక్క వాసన. ఇప్పటికీ ఎవరైనా కొత్త అగ్గిపెట్టె తెరిస్తే ముందు ముక్కు దగ్గర పెట్టుకుంటాను, మా ఇంట్లో వాళ్ళు నవ్వుతారు. ఆరిన డబ్బీలు తిన్నె మీద గుట్టగా పోసి ఉంటే, అవ్వ ఆ గుట్ట పక్కన కూర్చొని రాగిపిండి జల్లించేది. ఊరు మారినా సంగటి మారలేదు, సంగటి కెలికే ఆ చెయ్యీ మారలేదు.

ఆ చేతి గురించి చెప్పాలి. ఏండ్ల తరబడి రోలూ రోకలీ పట్టిన వేళ్ళు, కణుపులు చింతగింజల్లా గట్టివి. ఆ కణుపులతో అవ్వ వేసే మొట్టికాయకు మా వీధిలో గొప్ప పేరు. కోపంతో వేసేది కాదు. నీళ్ళు ఒలికితే ఒకటి, అడిగినదానికి పలక్కపోతే ఒకటి, దోవలో అడ్డంగా కూర్చుంటే ఒకటి. మా ఇంట్లో మొట్టికాయను దెబ్బల్లో లెక్కవేసేవాళ్ళు కాదు. మా నాయన అప్పటికి ఇద్దరు బిడ్డల తండ్రి, మెలి తిప్పిన మీసాలు, అయినా గూట్లో లోటా అందుకోవడానికి అవ్వ చెయ్యెత్తితే చాలు, కింద కూర్చొని తింటున్నవాడు టక్కున తల వంచేసేవాడు. నేనూ తమ్ముడూ పొట్ట పట్టుకొని నవ్వేవాళ్ళం. నాయనా నవ్వేవాడు. అవ్వ మాత్రం ఎందుకు నవ్వుతున్నామో తెలియక లోటా పట్టుకొని మమ్మల్ని చూసేది.

నాది ఎడమచేతి వాటం. మా ఇంట్లో అన్నం పళ్ళెంలో ఎడమచెయ్యి పడిందంటే అవ్వ ఊరుకునేది కాదు. లక్ష్మి పోతుంది, అత్తగారింట్లో పేరు పోతుంది అని ఒక్కో ముద్దకు ఒక్కో మొట్టికాయ. నన్ను మొదట వేసిన బడిలో చేర్చుకునేటప్పుడు, ఐదేళ్ళు నిండాయో లేదో చూడడానికి తల మీదుగా చెయ్యి పెట్టి అవతలి చెవి అందుకోమన్నారు. నేను ఎడమచేత్తో కుడిచెవి పట్టుకున్నాను. అయ్యవారి ముందే అవ్వ మొట్టికాయ ఒకటి పడింది. ఆ బడిలో నన్ను ఎవరూ ఏమీ అనలేదు. కానీ బలపం ఏ చేత్తో పట్టుకోవాలో నాకు తెలియలేదు. కుడిచేతికి రాదు, ఎడమచేతికి ధైర్యం లేదు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకొని వాటి మీద కూర్చునేదాన్ని. అడిగితే పలికేదాన్ని కాదు. వాళ్ళు అడిగేది తమిళంలో, నా నోట్లో ఉండేది తెలుగు. పది రోజులు చూసి, ఈ బిడ్డ బలపం కూడా ముట్టడం లేదు, వచ్చే ఏడు చూద్దాం అని ఇంటికి పంపేశారు.

నాయన పెద్దగా బాధపడలేదు. ఆడపిల్ల, ఇంట్లో ఉంటే తల్లికి సాయం అన్నాడు. నిజానికి డబ్బీలు అంటించడంలో నేను అప్పటికే గట్టిదాన్ని. గంజి పూయడానికి ఎడమచెయ్యి ఎంత చురుగ్గా పోయేదో, ఆ పనిలో దాన్ని ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు. మా వీధిలో నా ఈడు ఆడపిల్లలు సగం మంది అట్లాగే డబ్బీల ముందు కూర్చొని, ఆ డబ్బీల ముందు నుంచే పెండ్లి పీటల మీదికి పోయారు. వచ్చే ఏడు అన్న మాటకు మా వీధిలో అర్థం ఎప్పటికీ లేదని. అప్పుడు అడ్డం పడింది అవ్వే. తానూ అక్షరం ముక్క రానిదే, అయినా బస్సు బోర్డు చదవలేక ఒకసారి విరించిపురం పోవలసింది ఆంబూరులో దిగింది, ఆ కోపం ఆమెకు చల్లారలేదు. ఆ బడిలో బిడ్డను కొట్టి బెదరగొట్టినారు, బడి మంచిది కాదు గానీ బిడ్డది తప్పు కాదు అని వాదానికి దిగింది. నాయన విసిగి, ఆడి నెల పుట్టేలోపల ఇది ఏడవకుండా పోయే బడి చూపించు, లేదంటే ఆ మాట ఇంక ఎత్తొద్దు అన్నాడు. ఆడి అంటే తమిళుల ఆషాఢం, అది పుట్టడానికి మూడు వారాలు ఉంది.

మర్నాడే అవ్వ నన్ను చంకనేసుకొని బయల్దేరింది. బడిని బడి వేళలో లోపలికి పోయి చూడకూడదు, అది సంత అంది. అన్నం గంట కొట్టినప్పుడు వాకిట్లో నిలబడి చూడాలట. బజారు దగ్గరి పెద్ద బడికి ముందు పోయాం. గంట మోగింది. పిల్లలు బిలబిలా బయటికి వచ్చారు. అవ్వ వాళ్ళ మధ్య నిలబడి, పైట సర్దుకునేదానిలా చెయ్యెత్తింది. ఆమె దరిదాపుల్లో ఉన్న పిల్లలు ఒక్కసారిగా తలలు వంచేశారు, గాలికి చేను వంగినట్టు. ఒకడు చేతులు నెత్తిన కూడా పెట్టుకున్నాడు. అవ్వ చెయ్యి దించి వెనక్కి తిరిగింది.

రెండోది అప్పుడే కొత్తగా పెట్టిన ప్రైవేటు బడి. పిల్లలకు మెడలో టై, కాళ్ళకు మేజోళ్ళు. చూడగానే నాకు నచ్చింది, ఆ టై కావాలని అవ్వ చెవి కొరికాను. అవ్వ చెయ్యెత్తింది. ఒక్కరూ తప్పుకోలేదు, తల వంచలేదు. నాకు సంతోషమైంది. కానీ అవ్వ ఇంకా దగ్గరికి పోయి చూసింది. అక్కడ నిలబడిన ఇద్దరు పిల్లలు కండ్లు గట్టిగా మూసుకొని, పండ్లు బిగబట్టి ఉన్నారు. అవ్వ నన్ను ఇంకా గట్టిగా పట్టుకొని అక్కడి నుంచి నడిచింది. దోవలో చానా దూరం వచ్చాక చెప్పింది: "తొలిగే ఆవును మళ్ళీ మచ్చిక చేసుకోవచ్చు పాపా. కండ్లు మూసుకొని నిలబడేదానికి, తొలిగితే ఇంకా పడతాయని తెలుసు. అది ఇంకా చెడ్డ కొట్టం." ఐదేళ్ళదాన్ని, నాకేం అర్థమైందో తెలియదు. పెద్దయ్యాక ఆ మాట గుర్తొచ్చిన ప్రతిసారీ అనుకుంటాను: ఏ చదువు చదివితే అంత కంటిచూపు వస్తుంది?

మూడోది బడి అని కూడా తెలియదు. మా వీధికి నాలుగు వీధుల అవతల ఒక పెంకుటింటి తిన్నె. ఎస్తేరు టీచరమ్మ అని చిత్తూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన ఆమె, పెద్ద బళ్ళో ఉద్యోగం మానేసి ఇంట్లోనే చిన్నపిల్లలకు చెబుతోంది. పాతికమంది పిల్లలు, ఒక నల్లబల్ల, గంటకు బదులు ఒక ఇత్తడి పళ్ళెం. ఎక్కాలు చెప్పిస్తూ చెప్పిస్తూ పాలు పొంగిన వాసన వస్తే ఆమె లోపలికి పరుగెత్తేది, ఏడో ఎక్కం ఆమె తిరిగి వచ్చేదాకా అక్కడే ఆగి ఉండేది. పళ్ళెం మోగింది. పిల్లలు వీధిలోకి దిగారు. అవ్వ చెయ్యెత్తింది. వాళ్ళందరూ ఆగి, తలలెత్తి పైకి చూశారు. చేతిని కాదు, చెయ్యి చూపిస్తున్న చోటును. ఒక పిల్ల కంటికి చెయ్యి అడ్డం పెట్టుకొని చానాసేపు వెతికి, ఆకాశంలో ఏముండాది అవ్వా అని అడిగింది.

అవ్వ కూడా పైకి చూసింది. నేనూ చూశాను. ఎండ తప్ప అక్కడ ఏమీ లేదు. ఆ వీధి మధ్యలో పాతికమంది పిల్లలూ ఒక ముసలామే తలలెత్తి ఏమీ లేని ఆకాశాన్ని అట్లా చూస్తూ నిలబడిన ఆ క్షణాన్ని మించిన వింత నేను ఇన్నేళ్ళలో చూడలేదు. అవ్వ నన్ను చంక దించి, చెయ్యి పట్టుకొని తిన్నె ఎక్కించింది.

టీచరమ్మ సన్నగా, పొడుగ్గా ఉండేది. తెల్ల చీర, చేతికి నల్లపట్టీ గడియారం. నన్ను తన ఎదురుగా కూర్చోబెట్టి పలకా బలపం నా ముందు పెట్టింది. నేను అలవాటుగా రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాను. ఆమె నా కంట్లో పడుతున్న వెంట్రుకలు తీయడానికి చెయ్యెత్తింది. నేను టక్కున తల వంచి మోకాళ్ళలో దాచుకున్నాను.

"చూస్తివా టీచరమ్మా," అంది అవ్వ. పందెం గెలిచినదానిలా ఉంది గొంతు. "ఆ ఇస్కూల్లో ఎట్ల కొట్టినారో. పది దినాలకే బిడ్డ ఇట్లయిపోయింది."

టీచరమ్మ అవ్వ వైపు చూడలేదు. నా పక్కన నేల మీద కూర్చుని, తెలుగులో, మా ఇంటి తెలుగులో అడిగింది: "ఎవురు కొట్టినారు పాపా?" బడిలో అట్లాంటి తెలుగు ఉంటుందని నాకు అంతవరకు తెలియదు. అమ్మ అడిగినట్టే ఉంది. అబద్ధం చెప్పాలని తోచలేదు. మోకాళ్ళలో నుంచి తల తీయకుండానే, అవ్వ అన్నాను.

లోపల పొయ్యి మీద చారు మరుగుతున్న వాసన వస్తోంది. కాసేపటికి తలెత్తి చూస్తే, అవ్వ తన కుడిచేతిని ఒళ్ళో వెల్లకిలా పెట్టుకొని, ఎవరో వదిలిపోయిన వస్తువును చూసినట్టు చూస్తోంది. ఎడం చేత్తో తింటాదని, అని మొదలుపెట్టి ఆగిపోయింది. నాకు భయమేసింది. ఇంటికి పోయాక ఎన్ని పడతాయో అని కాదు, అవ్వ మొహం ఎప్పుడూ అట్లా చూడలేదు కాబట్టి. ఆమె కూడా ఏడుస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. చివరికి అంది: "ఊర్లో కొట్టాలన్నీ చూస్తిని టీచరమ్మా. నా కొట్టం చూసుకోకపోతిని."

టీచరమ్మ అయ్యో అనలేదు, పరవాలేదు అనలేదు. పలకను కొంచెం జరిపి సరిగ్గా నా ఎదురుగా పెట్టింది. బలపాన్ని దాని మధ్యలో నిలువుగా పెట్టి చేతులు కట్టుకుంది. నేను బలపాన్ని చూశాను, అవ్వను చూశాను. అప్పుడు అవ్వ ముందుకు వంగింది. నా తొడ కింద చెయ్యి పెట్టి, నా ఎడమచేతిని బయటికి తీసింది. తిమ్మిరెక్కిన వేళ్ళను ఒక్కొక్కటే తన పైట కొంగుతో రుద్దింది. బలపాన్ని తానే తీసి ఆ వేళ్ళ మధ్య పెట్టి, మీద తన చెయ్యి మూసింది. అక్షరం అంటే ఏమిటో తెలియని మనిషి. ఎట్లా గీయించాలో తెలియక పలక మీద ఒక గుండ్రం గీయించింది. సంగటి ముద్దంత గుండ్రం. టీచరమ్మ దాన్ని చూసి, సున్న వచ్చేసింది, ఇంక అన్నీ దాని పక్కనే వస్తాయి అంది.

ఆ శుక్రవారం అవ్వ ఇంకొక పని చేసింది. మా వైపు గంగమ్మ జాతరకు ముందు పసుపు కొమ్ము కట్టిన దారం మణికట్టుకు కట్టుకుంటారు. దాన్ని కాపు అంటాం. కాపు ఉన్నన్ని రోజులు ఊరి పొలిమేర దాటకూడదు, ఎవరి మీదా చెయ్యి ఎత్తకూడదు. జాతర అయిపోగానే తీసేస్తారు. జాతర ఎప్పుడో అయిపోయిన ఆ రోజుల్లో అవ్వ తలకు పోసుకొని, గంగమ్మ గుడికి పోయి, కాపు కట్టుకొని వచ్చింది. ఏం మొక్కుకున్నావమ్మా అని నాయన అడిగితే, నీకెందుకురా అంది. అలవాటు మాత్రం ఊరికే పోతుందా. నీళ్ళు ఒలికిన చప్పుడు వినగానే ఆ చెయ్యి తనంతట తాను లేచేది. సగం దూరంలో పచ్చటి దారం కంటబడేది. ఆమె ఆ చేతిని తిప్పి తన నెత్తి గోక్కునేది. ఆ ఏడంతా అవ్వకు పేలు పట్టాయని వీధిలో అనుకున్నారు. ఏడాదికొకసారి దారం మార్చుకుంది గానీ, కట్టెల మీద పడుకోబెట్టేదాకా ఆ మణికట్టు ఖాళీగా లేదు.

ఇంకొకటి కూడా ఆమె ఆ వారంలోనే చూసింది. దీపం పెట్టే వేళ. నాయన తింటున్నాడు. అగ్గిపెట్టె కోసం అవ్వ గూటి వైపు చెయ్యెత్తింది. నాయన తల టక్కున కిందికి పోయింది. మేం ఎప్పటిలాగే నవ్వాం. అవ్వ ఆ రోజు నవ్వుల వైపు చూడలేదు, కొడుకు వంచిన మెడను చూసింది. చెయ్యి అట్లాగే గాల్లో ఉండిపోయింది. ఆ తర్వాత ఆమె గూట్లో వస్తువులన్నీ తీసి కింద పీట మీద పెట్టేసింది, నాయన కూర్చున్నప్పుడు ఆయన తల మీదుగా చెయ్యెత్తవలసిన పని లేకుండా. అయినా నాయనకు ఆ అలవాటు పోలేదు. అవ్వ పోయిన చాలా ఏండ్లకు కూడా, పక్కన ఎవరు చెయ్యెత్తినా ఆ తెల్ల మీసాల మనిషి తల వంచేవాడు. ఆలస్యంగా కట్టిన కాపు అందరికీ పనికిరాలేదు. నాకు పనికొచ్చింది.

ఆ తిన్నె మీద నేను నాలుగేండ్లు చదివాను. తమిళం, ఇంగ్లీషు అందరికీ చెప్పేది టీచరమ్మ. శనివారం మధ్యాహ్నాలు తెలుగిళ్ళ పిల్లల్ని ఐదారుగురిని కూర్చోబెట్టి తెలుగు అక్షరాలు దిద్దించేది. మా వాళ్ళలో తెలుగు మాట్లాడని ఇల్లు లేదు, తెలుగు చదవగలిగిన మనిషి లేడు. నేను ఈనాడు ఈ నాలుగు మాటలు ఈ లిపిలో, అదీ ఎడమచేత్తో రాస్తున్నానంటే, ఆ పెంకుటింటి పుణ్యం. ఆసుపత్రిలో చీటీలు రాసే ఉద్యోగం చేసినన్నాళ్ళూ, చిత్తూరు వైపు నుంచి వచ్చిన ముసలివాళ్ళ కొడుకులకు మందుల వేళలు తెలుగులో రాసిచ్చేదాన్ని. ఆ రాత చూసి వాళ్ళ మొహాలు విప్పారితే, అవ్వ గీయించిన గుండ్రం నాకు గుర్తొచ్చేది. సుజాత మూడేండ్లదిగా ఉన్నప్పుడు, ఒకసారి డ్యూటీ నుంచి అలిసి వచ్చి, పాలు ఒలకబోసిందని చెయ్యెత్తాను. అది తలెత్తి, నా చెయ్యి చూపిస్తున్న చోట ఏముందా అని పైకప్పు వైపు చూసింది. నేను ఆ చేత్తో నా నెత్తి గోక్కున్నాను. ఇదీ నేను సుజాతకు ఆటోలో చెప్పలేకపోయిన సగం.

మూడో బడి కాట్పాడి పోయే దారిలో ఒక సందులో ఉంది. రెండు గదులు, ముందు వేపచెట్టు, నడిపేది ఒక్క టీచరూ ఆమె చెల్లెలూ. నక్షత్రాలు అన్నింటికంటే తక్కువ ఉన్నది ఇదే. సుజాత గడపలోనే తటపటాయించింది. అప్పుడు నాకు తోచింది. రెండు బళ్ళలో ముక్కూ మొహం తెలియని పిల్లల ముందు చెయ్యెత్తి చూశాను గానీ, మా నిత్య ముందు ఎత్తలేదు. ఎత్తడానికి భయం. సుజాత ఉద్యోగానికి పోతుంది, అల్లుడు అలిసి వస్తాడు, పిల్లను రోజంతా పక్కింటి ఆమె చూసుకుంటుంది. వారానికొకసారి ఫోన్లో మొహం చూసే నాకు ఆ ఇంటి కొట్టం గురించి ఏం తెలుసు? బళ్ళను తప్పు పట్టడం సుళువు.

లోపల ఆ టీచరు నిత్య ముందు ఒక కాగితం, రంగు పెన్సిళ్ళు పెట్టింది. నిత్య ఎడమచేత్తో నీలం పెన్సిలు తీసుకుంది. టీచరు దాని గురించి ఒక్క మాట అనలేదు. కాగితాన్ని ఆ చేతికి వీలుగా కొంచెం వాల్చి పెట్టి, కిటికీ రెక్క తెరిచి, సుజాతతో మాటల్లో పడింది. ఉక్కగా ఉంది. నిత్య నుదుట చెమటకు వెంట్రుకలు అతుక్కొని కంట్లో పడుతున్నాయి. పరీక్ష సంగతి మరిచిపోయి, వాటిని తీయడానికే నేను చెయ్యెత్తాను. సగం దూరం పోయాక తెలిసింది నేనేం చేస్తున్నానో. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

నిత్య తలెత్తి చూడలేదు. బొమ్మ గీస్తూనే, పక్కకు వాలి, నెత్తిని తెచ్చి నా అరచేతి కింద పెట్టింది. "ఈడ గీరు అవ్వా," అంది. "చెమటకాయలు."

అట్లాంటివి నా జన్మలో రెండే చూసినాను అనేది అవ్వ. నేను మూడోది చూశాను.